వరండా కట్టించే ముందు: కొలత, ఖర్చు, ఒప్పందం

వీధికీ ఇంటికీ నడుమ కాస్త నీడనిచ్చే చోటు లేని ఇంట్లో ఆ లోటు ప్రతిదినం తెలుస్తూనే ఉంటుంది. పని మీద వచ్చిన పరాయి పురుషుణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలో తోచదు. ఇంట్లోని ఆడవారు లోపలి గదికి తప్పుకోవలసి వస్తుంది. వర్షం జల్లు నేరుగా గడప మీద పడుతుంది. వృద్ధులకు సాయంకాలం గాలి తగిలే తావు ఉండదు. రమజాన్ మాసంలో పది మందికి ఇఫ్తార్ ఇవ్వదలచినా, పెండ్లి మాటలకు నలుగురు పెద్దలు వచ్చినా ఇరుకే. అందుకే సొంత ఇల్లు కట్టుకొన్న కొన్నేళ్లకు కొంత సొమ్ము చేతికందగానే అనేక కుటుంబాలు మొదట తలపెట్టే పని ముందు వైపు వరండా.

అయితే ఇల్లు కట్టేటప్పుడు చూపిన జాగ్రత్తలో నాలుగో వంతైనా వరండా విషయంలో చూపేవారు అరుదు. ఇంటికి ప్లాను గీయిస్తారు, ఇంజనీరును అడుగుతారు, నలుగురితో సంప్రదిస్తారు. వరండాకు మాత్రం, "చిన్న పనే కదా, తెలిసిన మేస్త్రీయే కదా" అనుకొని నోటిమాటతో మొదలుపెడతారు. అంచనా 60 వేలన్న పని లక్ష దాటిన తర్వాత మేస్త్రీ మోసగాడని ఇంటివారూ, ఇంటివారు పిసినారులని మేస్త్రీ చెప్పుకొంటూ తిరుగుతారు. ఒకే మొహల్లాలో ఉండేవారు, ఒకే పంక్తిలో నమాజు చేసేవారు సైతం ముఖాలు చాటేసుకొంటారు. విచారిస్తే ఎక్కువ సందర్భాల్లో ఇద్దరిలో ఎవరూ మోసగాళ్లు కారు. మొదటి రోజు తేల్చుకోవలసిన నాలుగు మాటలు తేల్చుకోకపోవడమే ఆ కలహానికి మూలం. ఆ నాలుగు మాటలేవో ఈ నెల వివరంగా చూద్దాం.

విషయం తేటపడేందుకు ఒక ఉదాహరణ తీసుకొందాం. ఇంటి ముందు 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గల వరండా కట్టదలచారు. అంటే నేల విస్తీర్ణం 96 చదరపు అడుగులు. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఈ కొలతకే. మీ ఇంటి కొలతకు మీరు మార్చుకోవచ్చు.

కాగితం మీద మొదటి అడుగు

మేస్త్రీని పిలవడానికి ముందే ఇంటిల్లిపాదీ కూర్చొని కొన్ని విషయాలు నిర్ణయించుకోవాలి. ఈ సంప్రదింపులో గృహిణి మాటకు ప్రథమ స్థానం ఇవ్వడం న్యాయం. ఏ వేళ ఎండ ఎటునుండి పడుతుందో, జల్లు ఏ కిటికీని కొడుతుందో, వచ్చిపోయేవారి చూపు ఎంత లోపలికి సాగుతుందో రోజంతా ఇంట్లో ఉండే ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. పడమటి ముఖపు ఇల్లయితే కప్పు ఎంత వేసినా మూడు గంటల ఎండ ఏటవాలుగా లోపలికి వస్తుంది. అటువంటి చోట వెదురు తడికలు దించుకొనే కొక్కేలకు, లేదా ఒక వైపు జాలీ గోడకు ముందే చోటు పెట్టుకోవాలి. జాలీ వల్ల గాలి ఆగదు, వీధి చూపు ఆగుతుంది.

తర్వాత ఎత్తు. రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి కొంత పైకి లేస్తుంది, కనుక వరండా నేల వీధి మట్టానికి కనీసం అడుగున్నర ఎత్తుండడం మంచిది. అలాగని ఇంటి లోపలి నేలకు సమంగా ఉండరాదు. ఒకటి రెండు అంగుళాలు దిగువన ఉంటేనే జల్లు నీరు గడప దాటదు. నేలకు వీధి వైపు వాలు కూడా తప్పనిసరి. 8 అడుగుల వెడల్పుకు అంగుళం పైచిలుకు వాలు చాలు.

అడుగున్నర ఎత్తుకు ఆరేసి అంగుళాల మెట్లు మూడు పడతాయి. మెట్టు మీద పాదం నిండుగా ఆనేలా 11 లేదా 12 అంగుళాల వెడల్పు ఉంచాలి. ఇంట్లో చక్రాల కుర్చీ వాడేవారుంటే వాలుబాట అవసరం. అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు లెక్కన అడుగున్నర ఎత్తుకు 18 అడుగుల వాలుబాట కావాలి. అంత పొడవు ఇంటి ముందు దొరకదు. కనుక దానిని పక్క గోడ వెంట తిప్పుకొనే వీలు ముందే చూసుకోవాలి. తర్వాత అతికించిన నిట్టనిలువు వాలుబాట మనిషిని కిందికి తోసేస్తుందే గాని పైకి ఎక్కనివ్వదు.

హద్దుల మాట మరువరాదు. ఇంటి ముందు విడిచిన ఖాళీ స్థలం మన దస్తావేజులో ఉన్నా, దాని మీద కట్టడానికి పురపాలక సంఘం లేదా పంచాయతీ నిబంధనలు అడ్డు రావచ్చు. తెలంగాణ పురపాలక ప్రాంతాల్లో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు మించని నివాస గృహానికి నమోదు చాలు, ముందస్తు అనుమతి అక్కరలేదు. అంతకు మించిన స్థలాలకూ, ఆంధ్రప్రదేశ్‌లోని ఇళ్లకూ వార్డు సచివాలయంలోనో, పురపాలక కార్యాలయంలోనో, పంచాయతీలోనో ముందుగా అడిగి తెలుసుకోవడం శ్రేయస్కరం. మెట్లు వీధి కాలువ మీదికి, కప్పు వీధి మీదికి చొచ్చుకుపోతే ఏ చట్టమూ ఒప్పదు. మన కప్పు నీరు పొరుగువారి గోడ మీద పడకుండా చూడడం చట్టానికి ముందే మన ధర్మం. ఇంటి ముందుగా కరెంటు తీగలు పోతుంటే విద్యుత్ శాఖవారికి చెప్పి దూరం సరిచూడనిదే ఇనుప చువ్వ గాని, రేకు గాని పైకెత్తనివ్వకూడదు.

పైకప్పు ఎంపిక

ఖర్చును నిర్ణయించేది కప్పే. శ్లాబు, రేకులు, పెంకులు అనే మూడు మార్గాలున్నాయి. చాలామంది అందం చూసి ఎంచుకొంటారు. నిజానికి ఎంపిక మొదలు కావలసింది ఎత్తు కొలతతో.

ఇంటి గోడ దగ్గర, ఇప్పుడున్న ఛజ్జా కింద, కొత్త కప్పు ఆనించడానికి తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు దొరుకుతుందనుకొందాం. రేకుల కప్పుకు 8 అడుగుల వెడల్పులో అడుగు వాలు ఇస్తే ముందు అంచు ఎనిమిదిన్నర అడుగుల ఎత్తులో నిలుస్తుంది. మనిషి హాయిగా నడుస్తాడు. మంగళూరు పెంకులకు అంత తక్కువ వాలు పనికిరాదు, నీరు వెనక్కి తంతుంది. వాటికి రెండడుగులకు ఒక అడుగు చొప్పున వాలు కావాలి. అంటే 8 అడుగుల వెడల్పులో 4 అడుగులు దిగాలి. అప్పుడు ముందు అంచు అయిదున్నర అడుగుల దగ్గరకు వస్తుంది. ప్రతి అతిథికీ నుదురు తగులుతుంది! పెంకుల మీద మనసుంటే వరండా వెడల్పు 4 అడుగులకు తగ్గించుకోవాలి, లేదా గోడ వద్ద ఎత్తు దొరికే మార్గం చూడాలి. ఈ చిన్న లెక్క వేయకుండా పెంకులు కొని తెచ్చుకొని, ఆనక తిరిగి అమ్ముకొనేవారున్నారు.

రేకులు తక్కువ ఖర్చుతో, వారం పది రోజుల్లో పూర్తవుతాయి. కాని వేసవిలో వేడి దిగుతుంది, వానలో చప్పుడెక్కువ. రేకు మందం ఎన్ని మిల్లీమీటర్లో అడిగి బిల్లు మీద రాయించుకోవాలి. సముద్ర తీర జిల్లాల్లో ఉప్పు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. జింకు పూత గల గొట్టాలు వాడినా, వెల్డింగు చేసిన చోట ఆ పూత కాలిపోతుంది. అతుకు అతుకుకూ తుప్పు నివారణ రంగు పూయడం పనిలో భాగమని ముందే చెప్పాలి. తుపాను గాలులు వీచే ప్రాంతాల్లో రేకుకు మరలు ఎన్ని వేస్తారు, వాటి కింద రబ్బరు వాషర్లున్నాయా అన్నవి చూడాలి. ఆస్‌బెస్టాస్ కలిసిన సిమెంటు రేకులను కోసేటప్పుడు, రంధ్రాలు వేసేటప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. పిల్లలు తిరిగే ఇంటికి వాటిని తేకపోవడమే మేలు.

శ్లాబు దీర్ఘకాలం మన్నుతుంది. పైన మరో గది వేసుకొనే ఆశ ఉంటే శ్లాబే దారి. కాని ఆ ఆశ ఉన్నదని పునాది దశలోనే చెప్పాలి. ఒక అంతస్తుకు వేసిన స్తంభాల మీద తర్వాత రెండో అంతస్తు ఎక్కించడం ప్రాణాలతో చెలగాటం. శ్లాబు వేయదలచినవారు ఇంజనీరును ఒక్కసారైనా పిలిపించి చువ్వల వివరం కాగితం మీద రాయించుకోవాలి. ఆ రుసుము మొత్తం ఖర్చులో చాలా స్వల్పం.

పాత గోడ, కొత్త కట్టడం

పదేళ్ల కిందట కట్టిన ఇల్లు ఇప్పటికే నేలలో సర్దుకొని స్థిరపడి ఉంటుంది. కొత్త పునాది మాత్రం తొలి వానలకు కొంత దిగుతుంది. రెండింటినీ బిగించి కడితే అతుకు దగ్గర పగులు తప్పదు. నల్లరేగడి నేలల్లో ఇది మరింత ఎక్కువ. ఆ నేల తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. కనుక రేగడి పొర దాటి గట్టి నేల తగిలే వరకు తవ్వాలి. లోతు తగ్గించి మిగుల్చుకొన్న డబ్బు మూడేళ్లలో పగుళ్ల మరమ్మతుకే పోతుంది.

పాత గోడలో గాడి తొలిచి శ్లాబును అందులో కూర్చోబెడతామని మేస్త్రీ అంటే, ఆ గోడ అంత బరువు మోయగలదా అని ఇంజనీరునే అడగాలి. సందేహముంటే నాలుగు మూలలా వేరే స్తంభాలు లేపి, పాత గోడకు అర అంగుళం సందు విడిచి, సాగే గుణమున్న సీలెంటుతో పూడ్చి, పైన రేకు పట్టీ కప్పడం భద్రమైన మార్గం. కప్పు రేకులదైనా శ్లాబుదైనా నీరు కారడం మొదలయ్యేది ఆ అతుకు దగ్గరే. కనుక "అతుకు పని ఎవరిది, ఏ విధంగా?" అన్న ప్రశ్న ఒప్పందంలోకి ఎక్కాలి.

ఖర్చు లెక్క వేసే తీరు

ధరలు ఊరూరికీ, నెలనెలకూ మారుతాయి. పరిమాణాలు మారవు. కనుక ముందు పరిమాణం, తర్వాత ధర. మన ఉదాహరణలో 96 చదరపు అడుగుల మీద 5 అంగుళాల మందం శ్లాబు వేస్తే 40 ఘనపు అడుగుల కాంక్రీటు అవుతుంది. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర చొప్పున కలిపితే 9 బస్తాల సిమెంటు, 17 ఘనపు అడుగుల ఇసుక, 34 ఘనపు అడుగుల కంకర పడతాయి. ఇనుము శ్లాబుకు సుమారు 80 నుండి 100 కిలోలు. ఇవి శ్లాబుకు మాత్రమే. పునాది, స్తంభాలు, దూలాలు, గోడలు, ప్లాస్టరింగు వేరు. బేస్‌మట్టం నింపడానికి 144 ఘనపు అడుగుల చోటున్నా, నీళ్లు పోసి దిమ్మిస కొడితే మట్టి దిగుతుంది కనుక ఇంకో నాలుగో వంతు ఎక్కువ తెప్పించాలి. నేలకు తాండూరు బండలో, బేతంచర్ల బండలో వేయిస్తే కోతలో, విరుగుడులో పోయేది కలుపుకొని 105 చదరపు అడుగులకు లెక్క వేసుకోవాలి. నున్నటి టైల్స్ వాన తడికి జారుతాయి. వరండాకు గరుకు తలమున్నవే మేలు.

ఇంతవరకు అందరూ లెక్కిస్తారు. లెక్క తప్పించేవి చిన్న పద్దులు: హమాలీ కూలి, సామాను దింపడానికి చేరవేతకు అయ్యే ఖర్చు, తడపడానికి నీళ్ల ట్యాంకర్, సెంట్రింగు చెక్కలు, బాదుల అద్దె, పాత మెట్లు పగలగొట్టి ఆ మట్టి ఎత్తించడం, కరెంటు తీగ, దీపం, రంగులు, గ్రిల్లు, వాన నీటి గొట్టం. వీటిలో ప్రతిదీ స్వల్పంగానే కనబడుతుంది, అన్నీ కలిస్తే ఒక దశ పని ఖర్చును మించుతుంది. వీటికి విడిగా ఒక పేజీ కేటాయించి, మొత్తం మీద మరో 10 నుండి 15 శాతం పక్కన ఉంచాలి. ఆ నిలువ చేతిలో లేకుండా పని మొదలుపెట్టరాదు.

చేతి సొమ్ము చాలనప్పుడు వడ్డీ అప్పు వైపు మనసు పోతుంది. మన కుటుంబాలకు అది సమ్మతమైన దారి కాదు. అంతకంటే పనినే రెండు భాగాలు చేసుకోవడం మేలు. ఈ ఏడు పునాది, బేస్‌మట్టం, నేల, మెట్లు పూర్తి చేసి, పైన తాత్కాలికంగా తడిక పందిరి వేసుకోవచ్చు. వచ్చే ఏడు కప్పు. అలా ఆపదలచినప్పుడు స్తంభాల పైకి లేచిన చువ్వలు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూసి కప్పి ఉంచాలి. రెండు దశలుగా చేస్తే కూలి కొంత పెరుగుతుందన్నది నిజమే. అయినా ఆ పెరుగుదల మీద వడ్డీ నడవదు.

మేస్త్రీని ఎంచుకోవడం

బంధువు చెప్పాడనో, తక్కువకు ఒప్పుకొన్నాడనో పని అప్పగించకూడదు. మేస్త్రీ చేసిన రెండు పనులు చూడాలి. ఒకటి ఇటీవల ముగించినది, మరొకటి కనీసం మూడు వానాకాలాలు చూసినది. కొత్త పని అతని చేతి నైపుణ్యం చెబుతుంది, పాత పని అతని నిజాయితీ చెబుతుంది. ఆ ఇళ్లవారిని మూడు మాటలు అడగాలి. చెప్పిన మొత్తానికీ చివరి మొత్తానికీ తేడా ఎంత? మధ్యలో పని విడిచి ఎన్ని రోజులు పోయాడు? లోపం కనబడి పిలిస్తే తిరిగి వచ్చాడా?

ముగ్గురు మేస్త్రీల వద్ద అంచనా తీసుకోవడం మంచి పద్ధతి. అయితే ముగ్గురికీ ఒకే కాగితం చూపాలి. ఒకరికి శ్లాబనీ, మరొకరికి రేకులనీ నోటితో చెప్పి ధరలు పోల్చడం వ్యర్థం. అందరికంటే బాగా తక్కువ చెప్పినవాని కాగితంలో ఏది లేదో వెదకాలి. ప్లాస్టరింగు లేకపోవచ్చు, మట్టి నింపడం లేకపోవచ్చు. లేనిది చివరికి మన నెత్తినే పడుతుంది.

పని అప్పగించే విధానాలు మూడు. రోజు కూలి, సామాను మనది కూలి ఒప్పందం అతనిది, సామానుతో సహా పూర్తి ఒప్పందం. వరండా వంటి చిన్న పనికి రెండవది చాలా కుటుంబాలకు అనుకూలం. సామాను నాణ్యత మన చేతిలో ఉంటుంది, కూలి మొత్తం ముందే తెలుస్తుంది. ఇంట్లో సామాను తెచ్చి లెక్క చూసే మనిషి లేనప్పుడు మూడవది తప్పదు. అప్పుడు సిమెంటు, ఇనుము ఏ కంపెనీవో, రేకు మందమెంతో, ఇటుక ఏ రకమో ప్రతిదీ రాసుకోవాలి.

పేచీ పుట్టే చోటు

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. చదరపు అడుగుకు ఇంత అని ధర కుదురుతుంది. ఏ చదరపు అడుగు? ఇంటివారి మనసులో ఉండేది నేల: 12 ఇంటూ 8, అంటే 96. మేస్త్రీ మనసులో ఉండేది శ్లాబు. మూడు వైపులా అడుగున్నర చొప్పున శ్లాబు ముందుకు పొడుచుకొని వస్తే అది 15 ఇంటూ తొమ్మిదిన్నర, అంటే 142.5 చదరపు అడుగులు. లెక్క కోసం కూలి చదరపు అడుగుకు 300 రూపాయలనుకొందాం. నేల కొలత ప్రకారం 28,800 రూపాయలు. శ్లాబు కొలత ప్రకారం 42,750 రూపాయలు. తేడా 13,950.

చివరి రోజు టేపు పట్టినప్పుడు సంభాషణ ఇలా సాగుతుంది. "ఇదేమిటి భాయ్, మనం అనుకొన్నది 96 కదా!" "లేదు సాబ్, మా లెక్క ఎప్పుడూ శ్లాబు కొలతే. ఊళ్లో ఎవరినైనా అడగండి." ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరి మనసులూ విరుగుతాయి. మొదటి రోజు ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ 13,950 రూపాయల ప్రశ్నే పుట్టదు.

మెట్లు చదరపు అడుగులో కలిసినవా, విడిగా లెక్కా? పిట్టగోడ ఎవరి లెక్క? సెంట్రింగు అద్దె ఎవరిది? అనుకోకుండా పునాది లోతు పెరిగితే అదనపు కూలి ఏ ధరకు? ఇవన్నీ ఇదే కోవలోనివి.

రాత ఎందుకు

తెలిసినవాని వద్ద కాగితం అడగడం అనుమానించినట్లవుతుందని చాలామంది సంకోచిస్తారు. దివ్యఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయత్, అల్‌బఖరా సూరాలోని 282వది, గడువుతో కూడిన అప్పు వ్యవహారాన్ని రాసిపెట్టుకోవాలనే ఆదేశిస్తుంది. మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దని కూడా అందులోనే ఉంది. ఆ ఆదేశం మొదట విన్న సమాజం పరస్పరం నమ్మకం లేని సమాజం కాదు. మనిషికి మరపు సహజం, సొమ్ము దగ్గర మరపు ఒక వైపే మొగ్గుతుంది. రాత ఇద్దరినీ దాని నుండి కాపాడుతుంది. చేయించుకొనే పని ఏమిటో, దాని వెల ఎంతో అస్పష్టంగా ఉన్న ఒప్పందాన్ని మన ఫిఖ్హ్ పండితులు తప్పుపట్టడానికీ కారణం ఇదే.

కాగితం పెద్దది కానక్కరలేదు. ఒక పేజీ చాలు. అందులో ఉండవలసినవి:

1. ఇరువురి పేర్లు, తేదీ, పని జరిగే చోటు.
2. పని వివరం: పొడవు, వెడల్పు, బేస్‌మట్టం ఎత్తు, కప్పు రకం, నేల రకం, మెట్ల సంఖ్య. వెనుక చేతితో గీసిన బొమ్మ.
3. కూలి ధర, కొలత పద్ధతి. "చదరపు అడుగుకు ఇంత, కొలత నేల విస్తీర్ణం మీద" అనో, "శ్లాబు అంచుల వరకు" అనో స్పష్టంగా.
4. ధరలో కలిసినవి, కలవనివి. సెంట్రింగు, మట్టి నింపడం, అతుకు పూడ్చడం, తడపడం, చెత్త ఎత్తడం ఒక్కొక్కటిగా.
5. సామాను ఎవరు తెస్తారు, ఏ నాణ్యత.
6. మొదలుపెట్టే తేదీ, ముగించే తేదీ. వాన రోజులు మినహాయింపు.
7. చెల్లింపు దశలు.
8. అదనపు పని వస్తే ముందు రాసుకొని, ఇద్దరూ సంతకం చేసిన తర్వాతే చేయడం.
9. లోపం కనబడితే ఎంత కాలం వరకు ఉచితంగా సరిచేయాలి.
10. ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. ఒక ప్రతి మేస్త్రీకి.

మేస్త్రీకి చదువు రాకపోతే సాక్షుల ఎదుట బిగ్గరగా చదివి వినిపించాలి. చివరి పద్దు తర్వాత, "ఇందులో నీకు అన్యాయమనిపించేది ఏదైనా ఉందా?" అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్న తర్వాతి వంద వాదాలను ఆపుతుంది.

చెల్లింపు

డబ్బు పనికి ముందు పరుగెత్తరాదు, పని వెనుక మరీ దూరంగా ఉండిపోరాదు. పెద్ద మొత్తం ముందే ఇస్తే అది తరచుగా అంతకు ముందు ఒప్పుకొన్న మరో పనికి ఖర్చయిపోతుంది. మన పునాది గుంత నీళ్లతో నిండుతుంది, మేస్త్రీ ఫోను ఎత్తడు. కూలి ఒప్పందం మొత్తం 40,000 రూపాయలనుకొంటే ఈ విధంగా విభజించుకోవచ్చు: ఒప్పందం నాడు 4,000, పునాది, బేస్‌మట్టం ముగిశాక 10,000, స్తంభాలు లేచి కప్పు పడ్డాక 12,000, ప్లాస్టరింగు, నేల ముగిశాక 10,000, మిగిలిన 4,000 తొలి పెద్ద వాన చూసిన తర్వాత, లేదా రెండు నెలలకు, ఏది ముందైతే అప్పుడు.

ఈ చివరి నిలుపుదల మీద కొందరికి సందేహం కలుగుతుంది. శ్రామికుని చెమట ఆరకముందే కూలి ఇవ్వాలని దైవప్రవక్త (స) బోధించారు కదా, మరి ఆపడం న్యాయమా? పని ఒప్పుకొనేటప్పుడే తెలిపి, తేదీ పెట్టి, మేస్త్రీ అంగీకరించిన నిలుపుదల ఒప్పందంలో భాగమే. చెప్పకుండా చివర ఆపడం, గడువు దాటినా ఇవ్వకపోవడం, లేని లోపం ఎంచి కోత పెట్టడం జులుము. మేస్త్రీ కింద పనిచేసే కూలీల మాట వేరు. వారి వారపు కూలి ఏ కారణంగానూ ఆగరాదు. దశ చెల్లింపు ఇచ్చేటప్పుడు, "కూలీలకు ముట్టిందా?" అని అడగడం మన బాధ్యత. మన వరండా కోసం ఇటుకలు మోసిన మనిషి వారం చివర ఖాళీ చేతులతో ఇంటికి పోకూడదు.

ఇచ్చిన ప్రతి మొత్తానికీ తేదీ వేసి ఒకే పుస్తకంలో మేస్త్రీ సంతకం తీసుకోవాలి. ఫోను ద్వారా పంపినా పుస్తకంలో ఎక్కించాలి. ఇంటి పెద్ద పనికి పోతాడు కనుక ఆ పుస్తకం గృహిణి వద్ద ఉండడం ఉత్తమం.

పని సాగే రోజుల్లో

సిమెంటు బస్తా మీద తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. మూడు నెలలు దాటినది వద్దు. ఇనుము తూకం సరిచూడడానికి చిన్న సూత్రముంది. చువ్వ మందం మిల్లీమీటర్లలో ఎంతో దానిని దానితోనే హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మీటర్ల నిండు చువ్వ 8 మిల్లీమీటర్లదైతే దాదాపు 4.7 కిలోలు, 10 మిల్లీమీటర్లదైతే 7.4 కిలోలు, 12 మిల్లీమీటర్లదైతే 10.7 కిలోలు. చువ్వలు లెక్కపెడితే తూకపు చీటీ నిజం తేలిపోతుంది.

శ్లాబు పోసే ముందు పరచిన చువ్వలను ఇంజనీరు చూసి సరేననాలి, ఫోటో తీసి ఉంచుకోవాలి. కాంక్రీటు మీద పడిన తర్వాత తప్పు ఎవరికీ కనబడదు. కలుపులో నీళ్లు ఎక్కువ పోస్తే పని సులువవుతుంది, బలం తగ్గుతుంది. శ్లాబు మీద గట్లు కట్టి నీరు నిలపడం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పి.పి.సి. సిమెంటుకు 10 రోజులు సాగాలి. మన ఎండలకు రెండు వారాలు తడిపితే ఇంకా మంచిది. కింది బాదులను తొందరపడి తీయనివ్వరాదు, ముందుకు పొడుచుకొచ్చిన భాగాల కిందివి మరీ. ఎన్నవ రోజున తీయాలో ఇంజనీరు మాటే తుది మాట.

కాలం కూడా చూసుకోవాలి. మృగశిర కార్తెకు ముందే కప్పు పడేలా లెక్కించుకొంటే పునాది ఎండలో తవ్వి, తొలి వానకు అతుకును పరీక్షించుకోవచ్చు. కోస్తావారు అక్టోబరు, నవంబరు నెలల తుపాను వానలనూ గుర్తుంచుకోవాలి. "ఈద్ నాటికి పూర్తి కావాలి" అని మేస్త్రీ మీద ఒత్తిడి తెస్తే తగ్గేది తడిపే రోజులే. ఉపవాసం ఉన్న పనివారికి రమజాన్‌లో వేళలు మార్చి, ఉదయం పూటే బరువు పనులు ముగించే వీలు కల్పించాలి. పండుగకు వరండా సగంలో ఉన్నా పరవాలేదు. తొందరలో దించిన బాదుల కింద ఎవరి ప్రాణమూ పోకూడదు.

పని ముగిసిన నాడు కాగితం తీసి, ఇద్దరూ కలిసి పద్దు పద్దూ చదువుతూ చుట్టూ తిరిగి చూడండి. బకెట్ నీళ్లు పోసి నేల వాలు చూడండి, పైపు పెట్టి అతుకు మీద నీళ్లు కొట్టించండి. లోపముంటే ఆనాడే రాయండి, లేకుంటే లేదని రాయండి. నిలుపుదల గడువు రాగానే మేస్త్రీ అడగకముందే కబురు పెట్టి ఆ సొమ్ము చేతికివ్వండి. ఆ తర్వాత ఎదురుపడినప్పుడు సలాం చెప్పుకోవడానికి ఇద్దరిలో ఎవరికీ సంకోచం ఉండదు.